తూముకిచ్చిన మాట

తాతమ్మ శవం మీద కప్పిన కోరాగుడ్డ కాంట్రాక్టరు గురునాథం తెచ్చిందే. దాన్ని రెండు చేతులూ జాపి అందుకున్నది మా కులపెద్ద నూకన్న. చుట్టూ నిలబడి చూసినవాళ్ళం మేమంతా. జంగ్లీఘాట్‌లో మా జాలరి వీధి మగవాళ్ళందరం అక్కడే ఉన్నాం. ఒక్కడికీ నోరు పెగల్లేదు.

చంపినవాడే గుడ్డ తెచ్చాడు, చచ్చినదాని తాలూకు వాళ్ళం పుచ్చుకున్నాం. ఈ మాట నేను కోపంతో చెప్పడం లేదు, సిగ్గుతో చెబుతున్నాను. వింటున్న కూలన్నలూ, చదువుకుంటున్న పిల్లలూ, మీరూ కాస్త సిగ్గుపడండి. మీ వీధుల్లోనూ ఒక గురునాథం ఉంటాడు. ఆ గుడ్డ అందుకునే నూకన్న కూడా ఉంటాడు.

తాతమ్మ అంటే మా వీధిలో చేపలమ్మే గురువమ్మకి అత్త. కాళ్ళు పడిపోయి మంచం పట్టిన ముసలమ్మ. కొడుకు సముద్రంలో పోయాక కోడలే చూసుకునేది. వాళ్ళిల్లు మా వీధిలో ఆఖరిది, నాలా ఒడ్డున ఉంటుంది. గుట్ట మీద కొత్తగా కట్టిన సముద్రవిహార్ కాలనీ వాననీళ్ళని మోసుకొచ్చే తూము మా వీధి కిందుగా వచ్చి ఆ నాలాలోనే పడుతుంది. ఆ రోజు అమావాస్య పోటు. పొద్దుటే వాన పట్టుకుంది. మేం రేవులో చేపలు దింపుకుంటున్నాం. గురువమ్మ బజారులో బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల కోసం కుక్కలు దూరతాయని తలుపుకి బయట గొళ్ళెం పెట్టి వెళ్ళింది.

పోటెక్కి సముద్రం తూము నోరు మూసేసింది. గుట్ట మీది నీళ్ళకి పోయే దారి లేకపోయింది. వీధి మధ్యనున్న మ్యాన్‌హోల్ మూతని ఎత్తి పారేసి వెనక్కి తన్నుకొచ్చాయి. కేకలు విని మేం పరిగెత్తుకొచ్చి గొళ్ళెం తీసేసరికి మంచం నీళ్ళలో తేలుతోంది. తాతమ్మ మంచం మీద లేదు.

శవం దగ్గర గురువమ్మ ఏడవలేదు. గురునాథం గుడ్డ కప్పించి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాక అప్పుడు నోరు విప్పింది.

"ఆ గుడ్డ తియ్యి మావా."

"తప్పే గురువమ్మా," అన్నాడు నూకన్న. "పెద్దమనిసి తెచ్చినాడు. కాదనకూడదు."

ఇంకెవరైనా తీస్తారేమోనని గురువమ్మ మా అందరి మొహాలూ వరసగా చూసింది. నా మొహం మీదికి వచ్చేసరికి నేను నేల చూపు చూశాను. తనే గుడ్డ లాగి, మడత పెట్టి, గురునాథం చెప్పుల దగ్గర పెట్టింది. ఇంట్లోంచి తన పాత చీర తెచ్చి అత్త మీద కప్పింది. "దుక్కంలో ఉంది పాపం," అని గురునాథం జీపెక్కి వెళ్ళిపోయాడు. మేం తేలు కుట్టిన దొంగల్లా పాడె ఎత్తుకున్నాం.

ఎందుకు నోరు పెగల్లేదో చెప్పాలి. అది చెప్పడానికే ఇంకా సిగ్గుగా ఉంది.

మా నాన్నలు కళింగపట్నం, భీమిలి తీరాల నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినప్పుడు వలలతో పాటు గంగమ్మని తెచ్చుకున్నారు. గంగమ్మతో పాటు మాట తాంబూలమనే ఆచారాన్నీ తెచ్చుకున్నారు. అమ్మవారి సంబరంలో ఎవరైనా తాంబూలం పట్టుకొచ్చి ఒక కోరిక చెబుతారు. కులపెద్ద దాన్ని అందుకుని కళ్ళకద్దుకుంటే వీధి మొత్తం మాట ఇచ్చినట్టే. తర్వాత తప్పితే వల ఖాళీగా వస్తుందని, పసిపిల్లలకి జ్వరాలు తగులుతాయని నమ్మకం. పడవలు కొనుక్కున్నా, పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నా, తగాదాలు తీర్చుకున్నా అన్నీ దాని మీదే. ఏ కాగితమూ లేకుండా ఇన్నాళ్ళు బతికామని గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

గురునాథమూ ఆ తీరం వాడే. మన ఊరివాడు, మన యాసలో మాట్లాడతాడు, కనిపిస్తే మావా అంటాడు. గుట్ట మీద కాలనీ పని మొదలైన ఏడు వేట దెబ్బతింది. సంబరం ఎలా గడుస్తుందా అని నూకన్న దిగులుపడుతుంటే, "నానుండగా నీకేటి మావా," అని మేకపోతులు తోలించాడు, డప్పులవాళ్ళని పిలిపించాడు, వీధంతటికీ భోజనం పెట్టించాడు. అమ్మవారి ముందు తాంబూలం పట్టుకుని ఒక్కటే కోరాడు. "నా కాలనీ పనికి మీ ఈది అడ్డు రాకూడదు. అంతే."

లారీలు తిరగడానికి దారి అడుగుతున్నాడనుకున్నాం. నూకన్న తాంబూలం కళ్ళకద్దుకున్నాడు. మేం ఆకుల ముందు కూర్చున్నాం. నూకన్న నాకు మేనమామ, నేను అతని పడవలోనే వేటకి పోతాను, కాబట్టి వడ్డన ముందు మా వరసకే వచ్చింది. నేను రెండోసారి కూడా వేయించుకున్నాను.

మరికొన్నాళ్ళకి ఝాన్సీలక్ష్మి మా వీధికి వచ్చింది. మాలో సగంమందికి అక్షరాలు దిద్దించిన వెంకటాచలం మాస్టారి కూతురు. ఇంజనీరు చదివి కాలనీ సొసైటీ వాళ్ళ ఆఫీసులో పని చేస్తోంది. కాలనీ వాననీళ్ళు ఎటు పోవాలి, ఎంత పైపు వెయ్యాలి, ఎంత వాలు ఇవ్వాలి అన్న లెక్కంతా ఆమె పని. వలలు బాగుచేసుకునే పాక దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి ఇసక కుప్ప మీద ఒక చెంబు నీళ్ళు పోసింది, నీళ్ళు ఇంకిపోయాయి. పడవ చెక్క మీద ఇంకో చెంబు పోసింది, నీళ్ళన్నీ మా కాళ్ళ మీదికి వచ్చాయి.

"గుట్ట మీద పడాక్ చెట్లు ఉన్నన్నాళ్ళూ వానలో చాలా భాగం నేలే తాగేది," అంది. "ఇప్పుడు అక్కడ ఇళ్ళ కప్పులూ, సిమెంటు రోడ్లే. నేల తాగదు. పడిందంతా కిందికి వస్తుంది. నేను పెద్ద పైపు గీశాను. జెట్టీ దాటించి, పోటుకి అందనంత ఎత్తులో సముద్రంలోకి వదలాలని గీశాను. దూరం ఎక్కువైందట. చిన్న పైపు చాలు, మీ నాలాలో కలిపెయ్ అంటున్నారు. పోటు వచ్చినప్పుడు నాలా నిండే ఉంటుంది. అప్పుడు వాన పడితే నీళ్ళు మీ ఇళ్ళలోకి తన్నుకొస్తాయి. సొసైటీ వాళ్ళు జనం మాట వినే మీటింగు పెడుతున్నారు. మీరొచ్చి మాకు ఒప్పుదల లేదని ఒక్క మాట అనండి చాలు."

మీటింగుకి వెళ్ళాం. వెళ్ళకపోయినా బాగుండేది. సొసైటీ పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు, గురునాథం పక్కనే నిలబడ్డాడు. "జంగ్లీఘాట్ వాలే, కోయీ ఆపత్తి?" అని అడిగారు, అభ్యంతరం ఏమైనా ఉందా అని. నూకన్న లేచాడు. "మాకేటీ అడ్డు నేదు బాబూ," అని కూర్చున్నాడు. ఝాన్సీలక్ష్మి గోడ దగ్గర నిలబడి మా వైపే చూస్తోంది. గురునాథం మాకు టీలు చెప్పాడు. తాగాం.

ఆ టీ తాగిన కొన్నాళ్ళకి చిన్న పైపే వేసి మా నాలాలో కలిపేశారు. ఆ వానాకాలంలోనే తాతమ్మ పోయింది.

అంతటితో అయిపోతే ఎలాగో దిగమింగుకునేవాళ్ళం, మా బతుకులు అంతే గదా. దినం చేసిన మర్నాడు వీధిలోకి సున్నం డబ్బా పట్టుకుని మనుషులు వచ్చారు. గుట్ట మీద నుంచి మా మ్యాన్‌హోల్ దాకా తెల్లగీత గీశారు. కాలనీ పైసగం కూడా పూర్తి కావస్తోందట. ఆ సగం నీళ్ళు కూడా ఇదే తూములో కలపాలట. రెండో లైను. కందకం తవ్వడానికి రాంచీ వైపు నుంచి వచ్చిన కూలీలు దిగారు. మేస్త్రీ పేరు సోమ్రా.

ఆ సాయంత్రం ఝాన్సీలక్ష్మి గురువమ్మని పలకరించడానికి వచ్చింది. మేం మొహాలు చాటేశాం. గురువమ్మే ఆమె చెయ్యి పట్టుకుని వలల పాకలోకి తీసుకొచ్చి, "ఇంజనీరమ్మా, ఆ రెండోది కూడా కలిపీత్తే ఏటవుతాదో ఈ మగమారాజులకి సెప్పు," అంది.

"అమావాస్యా పున్నమీ దాకా ఆగక్కర్లేదు," అంది ఝాన్సీలక్ష్మి. "మామూలు పోటు మీద మామూలు వాన పడినా చాలు, వీధి మునుగుతుంది. గురువమ్మ ఇల్లు ముందు పోతుంది, తర్వాత మీవి. కందకం ఇంకా తవ్వుతున్నారు. పైపు దింపేలోగా ఆపితే దారి మార్చడానికి వీలుంది. దింపి పూడ్చేశాక ఇంక ఎవరూ తవ్వరు."

అప్పలకొండ లేచాడు. మాలో వాడికి రక్తం వేడి. "ఏటి సూత్తన్నాం ఇంకా? ఎల్లి ఆ పైపులు పగలగొట్టీద్దాం, పదండి."

"పగలగొడతావురా," అన్నాడు నూకన్న. "అమ్మోరికి మాటిచ్చినాం. తప్పితే నీ వలలో సేప పడతాదేటి? నీ గుంటకి జొరమొత్తే ఎవులు సూత్తారు?"

"మాటిచ్చింది నువ్వు కాదేటి?"

"తిన్నదెవులు?" అన్నాడు నూకన్న. అప్పలకొండ కూర్చున్నాడు.

ఝాన్సీలక్ష్మి తల వంచుకుని, "బాబాయ్, తప్పంతా మీ మీదే వేసుకోకండి," అంది. "పైపు చిన్నది చెయ్యమన్నది వాళ్ళే కానీ, చేసింది నేను. సంతకం నాది. చెయ్యనంటే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మీరు అమ్మవారికి భయపడ్డారు, నేను జీతానికి భయపడ్డాను."

"మరి మా అత్త దేనికి బయపడ్డాదమ్మా?" అంది గురువమ్మ.

నూకన్న మొహం నల్లబడిపోయింది. తలపాగా మీద చెయ్యి వేసుకుని, "తిరిగిచ్చీద్దాం," అన్నాడు.

తాంబూలం తిరిగి ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. కులపెద్ద తలపాగా విప్పి బోడితలతో నడవాలి. కులమంతా వెనక నడవాలి. తిన్నన్ని పోతుల్నీ తిరిగి తోలుకెళ్ళి అప్పగించాలి. అవతలివాడు చెయ్యి చాచి అందుకుంటే మాట రద్దు, పెద్దరికమూ రద్దు. మా నాన్నల కాలంలో కూడా అలా జరిగిందని వినలేదు. నూకన్న తన పెద్ద వల అమ్మేశాడు. మేమూ తలా కొంత వేశాం. పోతుల్ని కొని, తోలుకుని గుట్ట ఎక్కాం.

నూకన్న తలపాగా లేకుండా ఎలా ఉంటాడో నేను అంతవరకు చూడలేదు. నడినెత్తిన నాలుగు వెంట్రుకలు, చెమట. దార్లో కాలనీ ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆయన్ని అలా చూడలేక మేం కాళ్ళ కింది రోడ్డునే చూస్తూ నడిచాం.

గురునాథం ఆఫీసు వరండాలో నిలబడ్డాడు. "ఇదేటి మావా, మళ్ళీ పండగేటి?"

"నీ తాంబూలం నీకు తిరిగిచ్చేత్తన్నాం బాబూ. పుచ్చుకో." నూకన్న రెండు చేతులూ ముందుకి చాచాడు.

గురునాథం చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "నానిచ్చింది నీకా? అమ్మోరికి. ఎల్లి అమ్మోర్నే తిరిగిమ్మను." నవ్వాడు. "ఆచారం నాకూ తెలుసు మావా. నాను పుచ్చుకోకపోతే ఇచ్చినట్టు కాదు. మనది ఒకటే తీరం గదా."

తలుపేసుకున్నాడు. నూకన్న చేతులు అలాగే చాచి చాలాసేపు నిలబడ్డాడు. పోతులు అటూ ఇటూ పోయి కాలనీ వాళ్ళ పూలమొక్కలు మేస్తుంటే వాచ్‌మన్ రాళ్ళు విసిరాడు, అవి మాకూ తగిలాయి. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదబోయిన వాళ్ళకి ఇంతకన్నా ఏం జరుగుతుంది? పోతుల్ని ఏరుకుని దిగివచ్చాం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట నిలబెట్టుకుంటే ఇళ్ళు పోతాయి, తప్పితే అమ్మవారు ఊరుకోదు. మర్నాడు వేటకి కూడా పోలేదు. పాకలో బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నాం. కందకం మా వీధి మొగలోకి వచ్చేసింది. పెద్ద సిమెంటు పైపొకటి మూడు కాళ్ళ స్తంభానికి గొలుసులతో వేలాడదీశారు. దింపడమే తరువాయి.

అప్పుడు వచ్చింది గురువమ్మ. వెనక కాళమ్మ, దేముడమ్మ, వీధిలో ఆడవాళ్ళంతా. చంకల్లో పిల్లలు, నడుంకి బిగించిన చీరలు. కందకం వైపు పోతుంటే నూకన్న అడ్డం వచ్చాడు.

"ఎటే? ఆగండే. మాటుంది."

"మావా, ఆ తాంబూలం ఎవులు పుచ్చుకున్నారు?" అంది గురువమ్మ.

"నానే."

"మమ్మల్ని అడిగినావా?"

"ఆడోల్లని అడగడమేటే? మనకది ఆచారం కాదు."

"అదే నానూ సెప్తన్నాను. మీరు మమ్మల్ని అడగనేదు, మాం మాటివ్వనేదు. సంబరం నాడు మాం పొయ్యిల కాడే ఉన్నాం, అమ్మోరి ముందర మమ్మల్ని నిలబెట్టనేదు. మీ మాట మీరు కాపాడుకోండి. మాకే మాటా నేదు. తప్పుకో."

నూకన్న ఏదో అనబోయాడు. కాళమ్మ అతని చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి జరిపింది. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కందకంలోకి దిగారు. బురదలో, వేలాడుతున్న పైపు కిందే వరసగా కూర్చున్నారు.

మేం గట్టు మీద ఉండిపోయాం. మాట ఇచ్చిన వాళ్ళం గదా. అడ్డు రాకూడదు. రేవు కుర్రాళ్ళు అటుగా పోతూ, "క్యా భయ్యా, ఔరత్ లోగ్ అందర్, మరద్ లోగ్ బాహర్?" అని నవ్వారు. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట. దాన్ని అమ్మవారి మీద భక్తి అనాలా, మాట మీద నిలబడే మగతనం అనాలా? నా పెళ్ళాం బురదలో కూర్చుని పిల్లకి పాలిస్తోంది. దాని మొహం చూడలేకపోయాను.

తవ్వుతున్న రాంచీ కూలీలు పని ఆపేశారు. వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. కందకం తవ్వినన్నాళ్ళూ వాళ్ళు మా వీధి కుళాయి దగ్గరికి వస్తే, ఎవరో ఏమిటోనని మేం నీళ్ళు పట్టుకోనివ్వలేదు. గుట్ట వాగులో నీళ్ళు తాగేవాళ్ళు. అదే సోమ్రా ఇప్పుడు పార పక్కన పెట్టి కందకం అంచున గొంతుక్కూర్చున్నాడు.

"దీదీ, హమ్ లోగ్ ఆప్ కే ఊపర్ మిట్టీ నహీ డాలేగా," అన్నాడు, మీ మీద మట్టి పొయ్యం అని.

గురువమ్మ గట్టు మీదున్న మా వైపు చూసి, "ఆల్లకి మంచినీల్లు తెచ్చి ఇవ్వడానిక్కూడా మాటడ్డమేటి?" అంది. అప్పలకొండ పరిగెత్తుకెళ్ళి కుళాయి దగ్గర బిందె నింపి తెచ్చాడు. సోమ్రా మనుషులు దోసిళ్ళు పట్టి తాగుతుంటే బిందె ఒంపుతున్న అప్పలకొండ తల ఎత్తలేదు.

గురునాథం పోలీసుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఆఫీసు జీపు కూడా వచ్చింది. సొసైటీ వాళ్ళు అందులోంచి ఝాన్సీలక్ష్మిని దింపి, "మేడం, లెవెలు సరిపోయిందని చెప్పండి, పైపు దింపేస్తాం," అన్నారు.

ఆమె కందకంలోకి చూసింది. "సరిపోలేదు. ఈ పైపు ఇక్కడ దింపకూడదు. మొదటిది దింపినప్పుడే ఈ మాట అని ఉండాల్సింది," అంది. చేతిలో ఉన్న, ఎత్తు కొలిచే లెవెలు కర్ర జీపుకి ఆనించి, చెప్పులు విడిచి, కందకంలోకి దిగింది. గురువమ్మ ఆమె వైపు చూడలేదు. కాస్త జరిగి చోటిచ్చింది.

గురునాథానికి పిచ్చెత్తింది. "సోమ్రా, గొలుసు వదులు. పైపు దిగుతుంటే ఆల్లే లేస్తారు."

"నహీ సాబ్."

"పైపు కింద ఎవులుంటారు? ఒట్టి బెదిరింపు. వదులు."

సోమ్రా గొలుసుని కొయ్యకి ఇంకో చుట్టు చుట్టి ముడేశాడు. గురునాథం అతన్ని తోసేసి తనే ముడి విప్పబోయాడు. పైపు ఊగింది. దేముడమ్మ ఒళ్ళో పిల్ల ఏడుపు అందుకుంది. ఆడవాళ్ళు తలల మీద చేతులు పెట్టుకున్నారు కానీ ఒక్కరూ లేవలేదు. పోలీసులు సిగరెట్లు కాలుస్తూ చూస్తున్నారు.

గురునాథం ముడి మీద చెయ్యి వేసే మా వైపు తిరిగాడు. "మావా, సెప్పు ఆల్లకి. నీ మాటేది? అమ్మోరి ముందర కళ్ళకద్దుకున్న మాటేది?"

నూకన్న గట్టు మీద చేతులు జోడించి సముద్రం వైపు తిరిగాడు. "అమ్మా గంగమ్మా, మాట తప్పుతున్నాను. తప్పు నాది. శిచ్చ నాకే వెయ్యి. పసిగుంటల జోలికి రాకు."

ఆ ముసలాయన మోకాళ్ళ మీద పాక్కుంటూ కందకంలోకి దిగాడు. పైపుకి సరిగ్గా కింద, అందరికన్నా ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి దాని అడుగుకి ఆనించాడు.

ఆ తర్వాత ఎవరు ముందు దిగారో, ఎవరు వెనకో నేను చెప్పలేను. భయం లేదంటే అబద్ధం. ఆ రాత్రికే నా పిల్లకి జ్వరం వస్తుందని నాకు నమ్మకమే. ఆ నమ్మకంతోనే దిగాను. అమ్మవారి కోపం కన్నా నా పెళ్ళాం పక్కన లేకుండా గట్టు మీద నిలబడ్డ సిగ్గు పెద్దదైపోయింది. కందకం నిండిపోయింది. సోమ్రా మనుషులు పారలు పైన పడేసి మా మధ్యకి వచ్చి కూర్చున్నారు. గురునాథం గొలుసు వదిలేసి వెనక్కి జరిగాడు.

పోలీసులు ఒక్కొక్కరినే ఈడ్చారు. జీపు చాలలేదు. "చలో, పైదల్ చలో," అన్నారు. జంగ్లీఘాట్ బజారంతా చూస్తుండగా బురద ఒళ్ళతో నడిచాం. కొట్లవాళ్ళు బయటికి వచ్చారు. "క్యా హువా?" అని ఎవరో అడిగితే కాళమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఠాణా చేరేదాకా చెబుతూనే ఉంది, ఆ వినేవాళ్ళు మా వెనకే వస్తున్నారు.

ఆ రాత్రి మమ్మల్ని ఠాణా వెనక ఖాళీ షెడ్డులో ఉంచారు. నూకన్న ఒక మూల గోడకి తిరిగి కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే, "నాను బతికుండగా ఆడగుంటల్ని ఠాణాలో కూకోబెట్టినాన్రా," అన్నాడు. నేనేం చెప్పను? ఇద్దరం గోడ వైపే కూర్చున్నాం.

తెల్లవారాక వాకిట్లో వరసగా నిలబెట్టారు. అధికారి మంచివాడిలాగే మాట్లాడాడు. మీరంతా శరీఫ్ ఆద్మీలు, మర్యాదస్తులు, కష్టజీవులు, కేసు ఎందుకు పెట్టుకుంటారు అన్నాడు. కందకం దగ్గరికి మళ్ళీ పోమని మాట ఇవ్వండి చాలు, ఇప్పుడే ఇళ్ళకి పొండి అన్నాడు. పైపు ఇంకా దిగలేదని ఆ మాటలోనే మాకు అర్థమైంది.

"ముఖియా కౌన్ హై?"

పెద్ద ఎవరని అడిగేసరికి అలవాటు చొప్పున అందరం నూకన్న వైపు చూశాం. ఆడవాళ్ళు కూడా చూశారు.

నూకన్న ముందుకి రాలేదు. ఉన్న చోటే నిలబడి, "ముఖియా నహీ హై సాబ్," అన్నాడు. "ఒకడి మాట అందరి మాటైపోయింది. ఒక ముసల్ది సచ్చిపోయింది. ఇంక మా ఈదిలో అలాగ నేదు. అందర్కో పూఛో. ఏక్ ఏక్ కో."

అధికారి విసుక్కున్నాడు. ఇంతమందినీ ఒక్కొక్కరినే అడగాలా అన్నాడు. తప్పక వరస మొదటికి వెళ్ళాడు. గురువమ్మ ఉంది అక్కడ.

"నేదు," అంది గురువమ్మ. "తూము జెట్టీ దాటించి సముద్రంలోకి తిప్పినదాకా నేదు."

కాళమ్మ లేదంది. దేముడమ్మ లేదంది. ఝాన్సీలక్ష్మిని అడిగితే ఇంగ్లీషులో ఏదో చెప్పి, మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా "లేదు," అంది. సోమ్రా తల అడ్డంగా ఊపాడు. నా పెళ్ళాం పిల్లని భుజం మార్చుకుని లేదంది. పిల్లకి జ్వరం లేదు, నేను ముట్టుకు చూశాను. ఠాణా గేటు బయట బెంగాలీ వీధి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకామె ఈ లేదు, లేదు అనేది ఏమిటని కానిస్టేబుల్‌ని అడుగుతోంది.

అధికారి వరస వెంట వస్తూనే ఉన్నాడు. అప్పలకొండని దాటి నా ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో నా మాట ఏమిటని ఎవరూ నన్ను విడిగా అడిగి ఎరగరు. పేరడిగాడు. పెద్దబ్బాయి అని చెప్పాను. మాట ఇస్తావా అన్నాడు.

"ఇవ్వను," అన్నాను.

గొంతు చాలా చిన్నగా వచ్చింది. అతనికి వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను.